వారంటీ కార్డు క్యాపుకా, పంటికా?



గత డిసెంబరులో, క్రిస్మస్ ఇంకా పది రోజులుందనగా, మన దంత విభాగానికి ఒక సహోదరి వచ్చారు. చేతిరుమాలు ముడి విప్పి బల్ల మీద రెండు తెల్లటి ముక్కలు పెట్టారు. కింది దవడ పంటికి వేసిన సెరామిక్ క్యాపు అది, నడిమికి చీలిపోయింది. దానితోపాటు సంచిలోంచి ఒక కార్డు కూడా తీశారు. దాని మీద బంగారు రంగు అక్షరాలతో పదేళ్ళ వారంటీ అని ఉంది. క్యాపు వేసి రెండేళ్ళయినా కాలేదు.

"డాక్టరమ్మా, క్యాపు విరిగితే ఉచితంగా ఇంకొకటి వేస్తామన్నారు. కానీ ఇప్పుడు లోపల నరం చచ్చిపోయింది, రూట్ కెనాల్ చేయాలి, దానికి వేరే డబ్బు కట్టాలంటున్నారు. కార్డులో అదంతా రాలేదా?" అని అడిగారు.

కార్డు తిప్పి చూశాను. రాలేదు. ఆ కార్డు క్యాపు కోసం రాసినది. పంటి గురించి అందులో ఒక్క మాట లేదు.

ఆ రోజు నుంచి ఈ సంగతి మన పత్రికలో రాయాలని అనుకుంటున్నాను. క్యాపు గురించి మన దగ్గరకు వచ్చేవారు అడిగే ప్రశ్నలు దాదాపు రెండే. ఎంత అవుతుంది? ఎన్నేళ్ళు వస్తుంది? వీటికి ముందు అడగవలసిన ప్రశ్న ఇంకొకటి ఉందని, దాన్ని మీరు అడగకపోవడం వల్లా, మేము చెప్పకపోవడం వల్లా పళ్ళు పోతున్నాయని నా అభిప్రాయం. ఆ ప్రశ్న ఇది: క్యాపు కోసం నా పంటిలో ఎంత అరగదీస్తారు, అరగదీశాక ఎంత మిగులుతుంది?

ఆ సహోదరి క్యాపు వేయించుకునే ముందు తీసిన ఎక్స్‌రే కూడా భద్రంగా దాచుకున్నారు. (ఎక్స్‌రేలు పారేయకండి. పెళ్ళి ఫోటోల పక్కన పెట్టుకున్నా తప్పు లేదు.) అందులో పాత సిమెంటు పక్కన ఒక మూల విరిగి ఉంది. మిగతా పన్ను గట్టిగానే ఉంది. అయినా చుట్టూ అరగదీసి నిండు క్యాపు వేశారు. ఆ రోజు ఆ డాక్టరు గారు నోటిలో ఏమి చూశారో నాకు తెలియదు కాబట్టి తీర్పు చెప్పను. కానీ విరిగిన ముక్కను గేజీతో కొలిచాను. నమిలే వైపు, గాడి దగ్గర, 0.7 మిల్లీమీటరు మాత్రమే ఉంది. కార్డులో రాసిన రకం సెరామిక్‌కు దవడ పంటి మీద సాధారణంగా 1.5 మిల్లీమీటర్లు, పంటికి రసాయనికంగా అతికించినప్పుడైనా ఒక మిల్లీమీటరు ఉండాలి. పక్కల్లో అవసరానికి మించి అరగదీశారు, పైన అవసరమైనంత తీయలేదు. ఆమె రెండు విధాలా నష్టపోయింది.

ఇక్కడ ఒక మాట వివరించాలి. మన తెలుగు పాఠ్యపుస్తకాలలో పంటి పై పొరను కూడా పింగాణీ పొర అంటారు. అదే ఎనామిల్. శరీరంలో అంతకంటే గట్టి పదార్థం లేదు. బరువులో సుమారు 96 శాతం ఖనిజమే. దాన్ని తయారు చేసే కణాలు పన్ను చిగురులోంచి బయటికి వచ్చేసరికే నశించిపోతాయి. అందుకే ఒకసారి అరగదీసిన ఎనామిల్ మళ్ళీ పెరగదు. ఎముక విరిగితే అతుక్కుంటుంది, చర్మం తెగితే మానుతుంది, ఎనామిల్‌కు ఆ భాగ్యం లేదు. దవడ పంటి మొనల దగ్గర ఇది సుమారు రెండు, రెండున్నర మిల్లీమీటర్ల మందం ఉంటుంది, గాడుల్లో ఇంకా పలచన. దాని కింద డెంటిన్, దాని మధ్యలో రక్తనాళాలు, నరాలు ఉన్న పల్ప్.

సెరామిక్‌ క్యాపుకు చోటు కావాలంటే ఈ పొరల్లోంచే తీయాలి. లోహం మీద పింగాణీ వేసే క్యాపుకు నమిలే వైపు 1.5 నుంచి 2 మిల్లీమీటర్లు తీస్తాం. లిథియం డైసిలికేట్ అనే గాజు జాతి సెరామిక్‌కు ఇందాక చెప్పినట్లు సుమారు 1.5. ఒకే దిమ్మెలోంచి చెక్కిన జిర్కోనియాకు ఒక మిల్లీమీటరుతో సరిపెట్టవచ్చు. అచ్చంగా లోహపు క్యాపుకు కూడా అంతే, బరువు మోసే మొనల మీద మాత్రం ఇంకొంచెం. ఒక రూపాయి బిళ్ళ మందం సుమారు ఒకటిన్నర మిల్లీమీటరు. ఈసారి చేతిలో పట్టుకున్నప్పుడు చూడండి, మనం మాట్లాడుకునేది ఎంత చిన్న కొలత గురించో, అందులో సగం తగ్గితే ఎంత ప్రమాదమో అర్థమవుతుంది.

మందం ఎందుకు అంత ముఖ్యం? ఇంట్లో టైల్స్ వేయించినవారికి చెప్పనక్కరలేదు. టైలు కింద సిమెంటు సమంగా పరిచి ఉంటే దాని మీద రోలు పెట్టినా ఏమీ కాదు. కింద డొల్ల ఉంటే చెంబు జారిపడినా చీలుతుంది. తాపీ మేస్త్రీ అందుకే ప్రతి టైలునూ తట్టి చప్పుడు వింటాడు. సెరామిక్ స్వభావం కూడా అదే. నొక్కితే ఓర్చుకుంటుంది, వంచితే ఓర్చుకోదు. మనిషి గట్టిగా కొరికినప్పుడు దవడ పళ్ళ మీద పడే బలం 50, 60 కిలోల బరువుకు తీసిపోదు. అంత బరువు పలచటి సెరామిక్ మీద పడితే అది కింద వైపు వంగాలని చూస్తుంది, అక్కడే సన్నటి బీట పుడుతుంది. పైకి ఏమీ కనిపించదు. లాలాజలపు తడి, రోజూ నమిలే ఒత్తిడి ఆ బీటను మెల్లగా పెంచుతాయి. ఒక రోజు చపాతీ తింటుండగా టప్పుమంటుంది. "రాయి కూడా కొరకలేదమ్మా, మెత్తటి చపాతీయే" అని అందరూ ఒకే మాట చెబుతారు. వారు అబద్ధం ఆడటం లేదు. ఆ బీట ఎన్ని నెలల క్రితందో!

అరగదీసిన పంటి మీద పదునైన మూలలు మిగిలినా ఇదే కథ. ఒత్తిడి అంతా ఆ మూల దగ్గర పోగవుతుంది. అందుకే సెరామిక్ కోసం తయారు చేసిన పంటి అంచులు లోపల గుండ్రంగా ఉండాలి. పక్క గోడలు దాదాపు నిటారుగా, కొద్దిపాటి వాలుతో ఉండాలి. తొందరలో వాటిని కోసుగా చెక్కేస్తే క్యాపు పట్టు నిలవదు, తలకు సరిపోని టోపీలా ఊడుతుంటుంది.

ఇంతవరకు చదివినవారు, మా డాక్టర్లకు పళ్ళు అరగదీయడమే ఇష్టమేమో అనుకోవచ్చు. నా తప్పు ఒకటి చెప్పుకుంటాను. నేను పనిలో చేరిన కొత్తలో ఒక రిటైర్డు మాస్టారు వచ్చారు. కుర్చీలో కూర్చున్నప్పటి నుంచి "అమ్మా, కొంచెమే తియ్యి, పన్ను పాడవుతుంది" అని బతిమాలారు. పెద్దాయన మాట కాదనలేక తక్కువే తీశాను. లోహం మీద పింగాణీ వేసిన క్యాపు తయారై వచ్చింది. పెట్టి చూస్తే ఎత్తుగా ఉంది, పళ్ళు కలవడం లేదు. క్యాపునే నోటిలో అరగదీసి సరిచేశాను. ఏడాది తిరగకుండా పింగాణీ పెచ్చు ఊడి కింద నల్లటి లోహం బయటపడింది. మళ్ళీ వేసినప్పుడు, మొదట తీయవలసిన మిల్లీమీటరును అప్పుడు తీశాను, అదీ సరిగ్గా పట్టుకున్న క్యాపును కోసి తీసిన తర్వాత. మాస్టారు డబ్బు అడగలేదు, నేనూ తీసుకోలేదు. కానీ దయ పేరుతో కొలత తప్పడం కూడా తప్పే అని అప్పుడే నేర్చుకున్నాను.

కనుక తక్కువ తీయండి అని అడగడం కాదు, ఇంత తీయవలసిన పని నిజంగా ఉందా అని అడగాలి. తేడా ఉంది. నిండు క్యాపు అవసరమని తేలితే దాని కొలత దానికి ఇవ్వాల్సిందే. అవసరమా కాదా అన్నది మాత్రం ముందు తేల్చాలి.

దీని మీద 2002లో ఎడెల్‌హాఫ్, సోరెన్‌సెన్ అనే ఇద్దరు పరిశోధకులు ప్రచురించిన కొలతలు ప్రతి డెంటల్ గదిలో గోడకు అంటించదగినవి. దవడ పళ్ళకు నిండు క్యాపు వేయాలంటే బయట కనిపించే పంటి భాగంలో సుమారు మూడింట రెండు వంతుల నుంచి నాలుగింట మూడు వంతుల వరకు పోతుందని వారు తూచి చూపించారు. లోపల పొదిగే ఇన్‌లే, విరిగిన మొనలను మాత్రమే కప్పే ఆన్‌లే వంటివాటికి పోయేది అందులో చాలా తక్కువ. ఆన్‌లే అంటే సగం టోపీ అనుకోండి. పాడైన చోట మాత్రమే కప్పి, బాగున్న గోడను అలాగే ఉంచుతుంది.

అలా సగం టోపీ నిలుస్తుందా అని అనుమానం. పూర్వం నిలిచేది కాదు, అతికించే పద్ధతి లేదు కనుక. 1955లో అమెరికాలో మైఖేల్ బ్యూనోకోర్ అనే దంతవైద్యుడు, పెయింటు బాగా పట్టడానికి లోహాన్ని ఫాస్ఫారిక్ ఆమ్లంతో శుభ్రం చేస్తారని గమనించి, అదే ఆమ్లాన్ని ఎనామిల్ మీద వాడి చూశాడు. ఎనామిల్ మీద కంటికి కనిపించని గుంటలు ఏర్పడి రెసిన్ గట్టిగా పట్టుకుంది. ఈ రోజు సెరామిక్ ఆన్‌లేలు పంటి మీద నిలబడటానికి మూలం ఆ ఆలోచనే. 2016లో వచ్చిన ఒక సమీక్ష ప్రకారం సెరామిక్ ఇన్‌లేలు, ఆన్‌లేలు అయిదేళ్ళకు 92 నుంచి 95 శాతం, పదేళ్ళకు 91 శాతం నిలిచాయి. పాడైనవాటిలో ఎక్కువ భాగం విరిగిపోయినవే. గమనించండి, ఈ పట్టుకు ఎనామిల్ కావాలి. చుట్టూ ఎనామిల్ అంచు మిగిలితేనే అతుకు బాగా నిలుస్తుంది. అంతా అరగదీసేస్తే మిగిలేది డెంటిన్, దాని పట్టు ఎనామిల్ పట్టంత నమ్మకమైనది కాదు.

అతికించే సమయంలో లాలాజలం తగలకూడదు. అందుకే కొన్నిసార్లు రబ్బరు డ్యామ్ అనే పలచటి రబ్బరు గుడ్డ నోటి మీద కప్పుతాం. ఊపిరాడదని కొందరు లాగేస్తారు. ముక్కుతో గాలి పీల్చుకోవచ్చు, ఇరవై నిమిషాలు ఓర్చుకోండి. మీ క్యాపు ఆయుష్షు ఆ ఇరవై నిమిషాల్లో చాలావరకు తేలిపోతుంది.

ఇక ఏ కంపెనీ సెరామిక్ మంచిదన్న చర్చ. పింగాణీ తొడుగు కొత్త సంగతేమీ కాదు. 1880లలోనే డిట్రాయిట్‌లో చార్లెస్ లాండ్ అనే దంతవైద్యుడు పళ్ళకు పింగాణీ పనితనం మొదలుపెట్టాడు. (1927లో ఒంటరిగా అట్లాంటిక్ దాటిన విమాన చోదకుడు లిండ్‌బర్గ్ ఆయన మనవడే.) ఆ పాత పింగాణీ అందంగా ఉండేది, దవడ పళ్ళ మీద విరిగేది. తర్వాత లోహం మీద పింగాణీ, ఆపైన గాజు జాతి సెరామిక్‌లు, జిర్కోనియా వచ్చాయి. 2015లో సైలర్, ఆమె సహచరులు అనేక అధ్యయనాలను కలిపి చూస్తే అయిదేళ్ళకు లోహం మీద పింగాణీ క్యాపులు 94.7 శాతం, లిథియం డైసిలికేట్ వర్గం 96.6 శాతం, జిర్కోనియా 92.1 శాతం నిలిచాయి. అప్పటి జిర్కోనియా క్యాపుల్లో చాలావాటికి పైన వేరే పింగాణీ పూత ఉండేది, అది పెచ్చులూడేది. ఇప్పుడు దవడ పళ్ళకు పూత లేని ఒకే దిమ్మె జిర్కోనియా వాడుతున్నాం. నా మాట ఏమిటంటే, పదార్థానికీ పదార్థానికీ తేడా నూటికి నాలుగైదు. జాగ్రత్తగా తయారు చేసిన పంటికీ తొందరగా చెక్కిన పంటికీ తేడా అంతకంటే ఎక్కువని నా అనుభవం. అయినా మీరు ఖరీదు పెంచుకుంటూ పోయేది పదార్థం మీదే.

జిర్కోనియా విషయంలో ఇంకొక్క మాట. ఎంత సహజంగా, కాంతి లోపలికి దిగేలా కనిపించే రకమైతే దానికి బలం అంత తగ్గుతుంది. అందం ముందు పళ్ళకు, బలం వెనక పళ్ళకు. నోరంతా తెరిచి నవ్వినా కనిపించని చివరి దవడ పంటికి లోహపు క్యాపు అంటే నామోషీ ఎందుకో నాకు ఇప్పటికీ అర్థం కాదు. తక్కువ అరగదీయాలి, విరగదు, ఖర్చు తక్కువ. నికెల్ పడనివారికి కోబాల్ట్ క్రోమియం ఉంది. పోయిన సంవత్సరం ఒక తమ్ముడికి ఇదే చెబితే, "పెళ్ళి చూపుల్లో ఎవరైనా చూస్తారేమో" అన్నాడు. చివరి దవడ పన్ను దాకా చూసే అత్తగారు దొరికితే అతడు జాగ్రత్తపడవలసింది పంటి గురించి కాదు!

అరగదీయడం వల్ల పోయేది పన్ను ఒక్కటే కాదు, వేడి కూడా పుడుతుంది. 1965లో జాక్, కోహెన్ అనే పరిశోధకులు కోతుల పళ్ళ మీద చేసిన ప్రయోగంలో, పల్ప్ వేడి 5.5 డిగ్రీల సెల్సియస్ పెరిగితేనే 15 శాతం పళ్ళలో పల్ప్ కోలుకోలేదు. అందుకే డ్రిల్లు మీద నీళ్ళు చిమ్ముతూనే ఉండాలి, బర్ అరిగిపోయి ఉండకూడదు, నొక్కి పట్టకుండా ఆగి ఆగి తీయాలి. మత్తు ఇచ్చాక మీకు నొప్పి తెలియదు కనుక ఈ జాగ్రత్త పూర్తిగా మా బాధ్యత. పాతికేళ్ళలోపు వారికి పల్ప్ పెద్దదిగా, పైకి దగ్గరగా ఉంటుంది. ఆ వయసులో బతికున్న దవడ పంటికి నిండు క్యాపు అనగానే నేను రెండుసార్లు ఆలోచిస్తాను.

రూట్ కెనాల్ చేసిన దవడ పంటి సంగతి మాత్రం వేరు. అక్కడ క్యాపు వద్దనుకోవడమే పొరపాటు. లోపల ఖాళీ అయిన పన్ను నమిలినప్పుడు మొనలు విడిపోయి నిలువునా చీలుతుంది. రూట్ కెనాల్ తర్వాత క్యాపు వేయని పళ్ళు, వేసినవాటికంటే ఆరు రెట్ల వేగంతో ఊడిపోయాయని 2002లో వచ్చిన అక్విలినో, కాప్లాన్‌ల అధ్యయనం చెబుతోంది. నొప్పి తగ్గింది కదా అని రూట్ కెనాల్ తర్వాత కనిపించకుండా పోయేవారిని ప్రతి నెలా చూస్తున్నాం. అలాగే చిగురు పైన కనీసం ఒకటిన్నర, రెండు మిల్లీమీటర్ల గట్టి పన్ను చుట్టూ మిగిలి ఉండాలి. పీపాకు ఇనుప పట్టీలా క్యాపు అంచు దాన్ని చుట్టి పట్టుకుంటుంది. అది లేకపోతే ఎంత ఖరీదైన క్యాపైనా నిలవదు.

డిసెంబరు నెల వస్తే నాకు భయం. "అమ్మా, క్రిస్మస్ కల్లా అయిపోవాలి", "కువైట్ నుంచి అబ్బాయి వస్తున్నాడు, వాడు వెళ్ళేలోపు వేసేయండి" అంటారు. రెండు బస్సులు మారి వచ్చేవారి ఇబ్బంది నాకు తెలుసు. కానీ తొందరలో మొదట బలయ్యేది తాత్కాలిక క్యాపు. నాలుగు రోజులేగా, ఎందుకులే అంటారు. ఆ నాలుగు రోజుల్లో అరగదీసిన పన్ను జివ్వుమంటుంది, చిగురు అంచు మీదికి పాకుతుంది, రోజులు ఎక్కువైతే ఎదురు పన్ను ఖాళీలోకి జరుగుతుంది. అసలు క్యాపు వచ్చాక ఎత్తుగా ఉందని దాన్ని అరగదీస్తాం. పలచన అవుతుంది. మాస్టారి కథ మళ్ళీ మొదలు.

ఖర్చు సంగతి కూడా దాచకుండా మాట్లాడుకోవాలి. గోపురం కట్టబోయేవాడు ముందు కూర్చుని లెక్క చూసుకోవడం అన్న ఉపమానం మనకు కొత్త కాదు. క్యాపు ధర ఒక్కటే లెక్క కాదు. అది పోతే రెండోది, అప్పుడు రూట్ కెనాల్, ఆ తర్వాత పన్ను తీసి ఇంప్లాంట్ లేదా బ్రిడ్జి, బ్రిడ్జి అయితే పక్కనున్న రెండు పళ్ళు కూడా అరగదీయడం. ఆరేళ్ళ వయసులో, పాలపళ్ళ వెనక వచ్చే మొదటి శాశ్వత దవడ పన్ను మీదే ఈ కథ ఎక్కువగా నడుస్తుంది. అది ఊడి మళ్ళీ వచ్చే పాలపన్నే అనుకుని పిల్లల్లో పట్టించుకోరు. పదిహేనేళ్ళకు పెద్ద సిమెంటు, పాతికకు రూట్ కెనాల్, ముప్పైకి క్యాపు. మీ ఇంట్లో ఆరేడేళ్ళ పిల్లలుంటే ఈ ఆదివారం వెలుతురులో నోరు తెరిపించి వెనకాల చూడండి.

క్యాపు వేయించుకున్నవారు వక్క కొరకడం, మాంసం ఎముకలు పగలగొట్టడం, సీసా మూతలు పళ్ళతో తీయడం మానాలి. రాత్రి పళ్ళు కొరికే అలవాటు ఉందని ఇంట్లోవారు చెబితే అది మాకు చెప్పండి, నైట్ గార్డు చేసి ఇస్తాం. క్యాపుకు పుచ్చు పట్టదు, దాని అంచు కింద పంటికి పడుతుంది. కాబట్టి బ్రష్ చిగురు అంచు దాకా వెళ్ళాలి.

మా వైపు నుంచి ఒక మార్పు చేయాలని నేను అడుగుతున్నాను. మన ఆసుపత్రిలో గాని, బయట గాని, క్యాపు వేసిన ప్రతివారికీ ఇచ్చే కాగితంలో ఎన్నేళ్ళు అన్న మాట కాదు, ఈ వివరాలు ఉండాలి: ఏ పన్ను, క్యాపు ఎందుకు అవసరమైంది, ఏ పదార్థం, నమిలే వైపు ఎంత మందం, చిగురు పైన ఎంత పన్ను మిగిలింది, పల్ప్ బతికే ఉందా. రాయడానికి రెండు నిమిషాలు పడుతుంది. రాయవలసి వస్తుందని తెలిస్తే కొలిచే చెయ్యి కూడా జాగ్రత్తగా ఉంటుంది. నా చెయ్యి సంగతీ కలిపే చెబుతున్నాను.

ఆ సహోదరి పంటికి రూట్ కెనాల్ చేశాం. ఒక పక్క గట్టి పన్ను చాలలేదు, చిగురు కొద్దిగా కిందికి సరిచేయాల్సి వచ్చింది. అది మానాక జిర్కోనియా క్యాపు వేశాం, నడిమి గాడిలో ఒక మిల్లీమీటరు పైనే ఉండేలా చూసుకున్నాం. "ఈసారి కార్డు ఎన్నేళ్ళకిస్తారమ్మా?" అని నవ్వారు. ఏళ్ళు రాయలేదు. పైన చెప్పిన వివరాలన్నీ ఓపీ చీటీ వెనక రాసి ఇచ్చాను. ఆరు నెలల తర్వాత ఒక ఎక్స్‌రే తీసి చూడాలి. తేదీ కూడా అదే చీటీ మీద రాశాను, వచ్చేటప్పుడు పాత ఎక్స్‌రే కూడా తెమ్మన్నాను.